లక్షా అరవై వేల రూపాయల నీళ్ళు



పోయిన నెల కమిటీ కూటంలో ఒక మాట వచ్చింది. ఆల్కలైన్ వాటర్ యంత్రాన్ని మన సంఘం తరఫున పదిమంది కలిసి కొంటే తగ్గింపు ఇస్తారట, ఉగాది పండుగనాడు మండపంలో ఒక స్టాలు కూడా పెట్టుకోనిస్తే భోజనాల ఖర్చులో కొంత వాళ్ళు భరిస్తారట. ఇష్టమున్నవాళ్ళు చేతులెత్తమన్నారు. మేము ఎత్తలేదు. వద్దని లేచి చెప్పనూ లేదు. ఇల్లు చేరేలోపల ముగ్గురు ఫోను చేశారు. "మీ ఇంట్లో నాలుగేళ్ళుగా ఉంది కదా, ఎట్లా ఉంది, కొనొచ్చా?" అని అడిగారు. ఇది ఫోనులో చెప్పి ముగించే సంగతి కాదు. అందుకని కూర్చుని వ్రాస్తున్నాము. పొడుగైనా ఓపికపట్టి చదవండి.

మేము అంటే ఇద్దరం. ఈ గుంపులో వచ్చే మా వ్రాతలన్నీ ఒకరు వ్రాస్తే ఇంకొకరు చదివి దిద్దినవే. ఇద్దరమూ బడిలో చదివింది తమిళమే. తెలుగు ఇంట్లో మాట, అక్షరాలు మాత్రం రిటైరయ్యాక మన సంఘం ఆదివారం తరగతిలో దిద్దుకున్నవి. కాబట్టి ఒత్తులు తప్పితే మన్నించండి, లెక్కలు తప్పితే మన్నించకండి. రైల్వేలో 38 ఏళ్ళు గుమాస్తా పని చేసిన ఇంట్లో లెక్క తప్పకూడదు.

కరోనా రెండో అల తగ్గిన తరువాత, 2021 చివరలో, మన సభ్యుల ఇంటి పిల్లవాడే ఒకడు మా ఇంటికి వచ్చాడు. పేరు వద్దు. వాడి తాతా మా నాయనా ఒకే లైనులో రైల్వే క్వార్టర్సులో పెరిగినవాళ్ళు. "పెద్దనాయనా, పెద్దమ్మా, అరగంట టైమివ్వండి చాలు" అన్నాడు. సంచిలో నుంచి నాలుగు గాజు గ్లాసులు, ఒక చిన్న సీసా తీశాడు. ఒక గ్లాసులో మేము తాగే క్యాన్ నీళ్ళు, ఒకదానిలో కొళాయి నీళ్ళు, ఒకదానిలో అంగట్లో కొన్న కూల్‌డ్రింకు, నాలుగోదానిలో వాడు ఫ్లాస్కులో తెచ్చిన యంత్రం నీళ్ళు పోశాడు. ఒక్కోదానిలో నాలుగేసి చుక్కలు వేశాడు. క్యాన్ నీళ్ళు పసుపు రంగు తిరిగినాయి. కొళాయి నీళ్ళు పచ్చగా అయినాయి. కూల్‌డ్రింకు సంగతి సరేసరి. వాడి నీళ్ళు నీలంగా, మన పెండ్లిళ్ళలో కట్టే పట్టుచీర రంగులో మెరిశాయి.

"ఈ పసుపంతా యాసిడ్ పెద్దమ్మా. రోజూ ఇదే తాగుతున్నారు. గ్యాసూ, షుగరూ, కీళ్ళనొప్పీ, కాన్సరూ అన్నీ ఇందులోనుంచే. ఒళ్ళు ఆల్కలైన్‌గా ఉంటే ఏ జబ్బూ దగ్గరకు రాదు. నోబెల్ ప్రైజు తీసుకున్న డాక్టరు చెప్పిన మాట" అన్నాడు.

ఆల్కలైన్ అంటే మా ఇద్దరికీ చప్పున తట్టలేదు. వాడు తమిళంలో "కారత్తన్మై" అన్నాడు. మా తమిళ పాఠంలో యాసిడ్‌ను అమిలం అనీ, దానికి ఎదురుదాన్ని కారం అనీ అంటారు. తెలుగులో దాన్ని క్షారం అంటారని మన ఆదివారం తరగతిలో తెలిసింది, అప్పటికింకా తెలియదు. మాలో ఒకరు "లక్ష రూపాయలు పోసి కారం నీళ్ళెందుకు, మిరపకాయ వేసుకుంటే సరిపోదా" అన్నారు. అందరం నవ్వినాము. నవ్విన పదిహేను రోజులకు కొన్నాము. లక్షా అరవై వేలు. రిటైరయినప్పుడు వచ్చిన డబ్బు బ్యాంకులో వేసి ఉంటే అందులోనుంచి తీసినాము.

ఎందుకు కొన్నామని ఇప్పుడు అడిగితే మాకే సరిగ్గా చెప్పరాదు. ఆ ఏడాది మా వీధిలో ఐదుగురు పోయినారు. భయం ఒకటి. మన పిల్లవాడు కదా అనేది ఒకటి. ఇంకొకటి ఆ రంగులు. కంటితో చూసినదాన్ని ఎట్లా కాదనేది?

యంత్రం వచ్చింది. వంటింట్లో కొళాయి పక్కనే గోడకు బిగించారు. లోపల ప్లాటినం పూత పూసిన పలకలుంటాయి, వాటిలో కరెంటు పారుతుంది, నీళ్ళు రెండుగా చీలుతాయి. ఒక గొట్టంలో క్షారం నీళ్ళు తాగడానికి, ఇంకో గొట్టంలో యాసిడ్ నీళ్ళు సింకులోకి. ఆ రెండో నీళ్ళతో ముఖం కడిగితే వయసు తగ్గుతుందన్నారు. అది కూడా చేసి చూసినాము, వయసు పెరుగుతూనే ఉంది. కొళాయి నీళ్ళే పోయాలి, ఆర్‌ఓ నీళ్ళు పోస్తే పని చేయదన్నారు. నీళ్ళలో కరిగిన ఉప్పులు లేకపోతే కరెంటు సరిగ్గా పారదు కదా, అది నిజమే.

ఒక సంగతి దాచకుండా చెప్పాలి. మొదటి మూడు నెలలు మాకు నిజంగానే బాగుంది. మాలో ఒకరికి పదేళ్ళుగా ఉన్న గ్యాసు, పుల్లని తేన్పులు తగ్గినాయి. ఇంకొకరికి పొద్దున్నే కడుపు సాఫీగా పోయేది. అదే ఊపులో ఇదే గుంపులో 2022 పొంగల్‌కు మేమొక పోస్టు వ్రాసినాము. పాతవాళ్ళకు జ్ఞాపకముంటుంది. "అరవై దాటినవారు తప్పక కొనవలసిన వస్తువు" అని తలకట్టు పెట్టినాము. ఆ పోస్టు చదివి మన సంఘంలో ఇద్దరు కొన్నారు. మూడోవారు కాట్పాడిలో ఉండే మా అన్న. మాలో ఒకరికి తోడబుట్టిన అన్న, ఇంకొకరికి బావ.

అన్నకు పదిహేనేళ్ళుగా షుగరు. ప్రైవేటు మిల్లులో పని చేసినవాడు, పింఛను లేదు. కంతుల మీద కొన్నాడు. అమ్మడానికి వెళ్ళినవాడు మన పిల్లవాడు కాదు, వాడి పైన ఇంకొకడు, వాడి పైన ఇంకొకడు. ఆ పైవాడు చెప్పిన మాట: "ఈ నీళ్ళు మూడు లీటర్లు తాగుతుంటే మాత్రలు మెల్లగా తగ్గించేయొచ్చు. మీ చెల్లెలి ఇంట్లో చూడలేదా?" మా పేరే చెప్పాడు. అన్న మాకు ఫోను చేసి అడిగితే, "మాకు మంచిగానే ఉంది" అన్నాము. మాత్రల సంగతి ఆయన అడగలేదు, మేమూ అడగలేదు. అక్కడ అడిగి ఉండవలసింది.

ఐదు నెలలు మాత్రలు వేసుకోలేదు. కాలి బొటనవేలికి చెప్పు కరిచిన పుండు మానలేదు. షుగరు చూస్తే 390. ఆసుపత్రిలో పన్నెండు రోజులు. ఎడమ కాలి రెండు వేళ్ళు తీసేశారు.

మేము పోయి మంచం పక్కన నిలబడితే ఆయన అన్నది ఇంతే: "బావా, ఆ యంత్రానికి ఇంకా ఏడు కంతులు కట్టాలి." మమ్మల్ని ఒక్క మాట అనలేదు. ఈరోజు వరకూ అనలేదు.

ఆ తరువాత మేము ఈ నీళ్ళ సంగతి మొదటినుంచీ తెలుసుకోవాలని కూర్చున్నాము. కొనేముందు చేయవలసిన పని కొన్నాక చేసినాము.

మా వీధి చివర క్లినిక్కు డాక్టరమ్మ ఓపిక ఉన్న మనిషి. ఒక సాయంకాలం రోగులు లేనప్పుడు మాకు పాఠం చెప్పింది. యాసిడా క్షారమా అని కొలిచే కొలతను పిహెచ్ అంటారు. డెన్మార్కు దేశంలో సోరెన్‌సెన్ అనే ఆయన 1909లో పెట్టిన పద్ధతి. ఏడు నడిమి అంకె. ఏడుకు తక్కువైతే యాసిడ్, ఎక్కువైతే క్షారం. ఒక్కో మెట్టుకు పది రెట్లు తేడా. మన రక్తం 7.35కూ 7.45కూ మధ్యలో ఉంటుంది. అంటే మొదటినుంచీ కొంచెం క్షారమే. ఆ చిన్న సందును దాటి అటూ ఇటూ పోతే మనిషి ఆసుపత్రిలో అత్యవసర వార్డులో ఉంటాడు. తాగే నీళ్ళతో తినే తిండితో అది మారిపోయేటట్టుంటే, చింతపండు చారు, నిమ్మకాయ ఊరగాయ, పుల్లమజ్జిగ తిన్న మన తాతలు ఒక్కరూ మిగిలేవారు కారు.

రక్తాన్ని ఆ సందులో నిలబెట్టేది రెండు చోట్ల జరిగే పని. ఊపిరితిత్తులు కార్బన్ డై ఆక్సైడును బయటికి ఊది యాసిడ్ తగ్గిస్తాయి. మూత్రపిండాలు మిగిలినదాన్ని మూత్రంలో వదులుతాయి. ఈ రెండూ రాత్రీ పగలూ లీవు లేకుండా చేసే డ్యూటీ. ఈ నీళ్ళు తాగితే మూత్రం పిహెచ్ కొంచెం మారవచ్చు. ఆ పిల్లవాడు మూత్రంలో కాగితం ముంచి "చూడండి, ఒళ్ళు మారింది" అని చూపించేది అదే. ఒళ్ళు మారలేదు, ఎక్కువైనదాన్ని ఒళ్ళు బయటికి నెట్టింది, అంతే.

రక్తం దాకా పోకముందే కడుపు ఉంది. కడుపులో పిహెచ్ సుమారు 1.5 నుంచి 3.5. తిన్నది అరగాలన్నా, లోపలికి పోయిన క్రిములు చావాలన్నా ఆ యాసిడ్ కావాలి. ఇక్కడ మా గుమాస్తా బుద్ధి ఊరుకోలేదు. ఇంటికి వచ్చి కాగితం మీద వేసినాము. కడుపు యాసిడ్ 2 అనుకోండి. యంత్రం నీళ్ళు 9.5. క్షారం బలం చూడాలంటే 14లోనుంచి తీసేయాలి, 4.5 వస్తుంది. 2కూ 4.5కూ తేడా రెండున్నర మెట్లు. మెట్టుకు పది రెట్లు చొప్పున మూడు వందల చిల్లర రెట్లు. అంటే ఆ పిహెచ్ అంకె వరకు లెక్క కడితే, ఒక గ్లాసు, 250 మిల్లీలీటర్ల నీళ్ళు చంపగలిగేది కడుపులోని యాసిడ్‌లో ఒక్క మిల్లీలీటరు కూడా లేదు. ఇంకుఫిల్లరులో పట్టేంత. దీనికి లక్షా అరవై వేలు.

లెక్క మూడుసార్లు సరిచూసినాము. తప్పు దొరికితే బాగుండునని కూడా అనుకున్నాము.

మరి ఆ రంగుల సంగతేమిటి? దానికి మాకు దారి చూపించింది చేపలు. మాది విల్లివాక్కం, పక్కనే కొళత్తూరు. రంగుచేపల అంగళ్ళకు కొళత్తూరు ఎంత పేరో మద్రాసులో ఉండేవాళ్ళకు చెప్పనక్కరలేదు. చేపల తొట్టి నీళ్ళు చూసుకోవడానికి ఆ అంగళ్ళలో ఒక చిన్న సీసా అమ్ముతారు. ఆ పిల్లవాడి సీసాలో ఉన్నటువంటి మందే. యాసిడ్ అయితే పసుపు, నడిమిలో పచ్చ, క్షారమైతే నీలం. కొనుక్కొచ్చి వంటింటి బల్ల మీద ఒక వారం ఆడుకున్నాము. మనవడు బడి మానేసి మాతో చేరాడు.

క్యాన్ నీళ్ళలో వేస్తే పసుపు. సరే. కొళాయి నీళ్ళను బాగా మరగబెట్టి చల్లార్చి వేసినాము. మరగబెట్టనివాటికన్నా నీలంగా వచ్చింది! కరిగిన కార్బన్ డై ఆక్సైడు మరిగితే పోతుంది, పోతే నీళ్ళు క్షారం వైపు జరుగుతాయి. గ్యాసు ఖర్చు తప్ప వేరే ఖర్చు లేదు. తరువాత క్యాన్ నీళ్ళలోనే ఇడ్లీపిండికి వేసే ఆప్పసోడా రెండు వేళ్ళ నడుమ పట్టేంత వేసి చుక్కలు వేసినాము. యంత్రం నీళ్ళ రంగే వచ్చింది. (దీన్ని చదివి ఎవరూ రోజూ సోడా కలుపుకుని తాగొద్దు. అది ఉప్పు జాతి, రక్తపోటు ఉన్నవాళ్ళకు మంచిది కాదు.)

క్యాన్ నీళ్ళు పసుపు కావడానికి కారణం విషం కాదు. ఆర్‌ఓలో ఉప్పులన్నీ తీసేస్తారు. అడ్డం పట్టుకునే ఉప్పులు లేవు కాబట్టి గాలిలోని కార్బన్ డై ఆక్సైడు కొంచెం కరిగినా రంగు అటు తిరుగుతుంది. వాన నీళ్ళు కూడా అంతే. వాన నీళ్ళు తాగి ఎవరికీ కాన్సరు రాలేదు.

అన్నిటికన్నా మా మనవడికి నచ్చింది ఆఖరిది. యంత్రం నీళ్ళు గ్లాసులో పట్టి చుక్కలు వేస్తే మంచి నీలం. అందులో ఒక స్ట్రా పెట్టి వాణ్ణి ఊదమన్నాము. బుడబుడమని ఊదాడు. నీలం పోయి పచ్చ వచ్చింది, ఇంకొంచెం ఊదితే పసుపు తిరిగింది. మన ఊపిరిలోని యాసిడే ఆ నీళ్ళను తిప్పేసింది. డాక్టరమ్మ చెప్పిన ఊపిరితిత్తుల డ్యూటీ కంటి ముందే కనబడింది. ఆ గ్లాసు చేతిలో పట్టుకుని మేమిద్దరం కొంచెంసేపు ఏమీ మాట్లాడుకోలేదు.

మరి మొదటి మూడు నెలలు మాకెందుకు బాగైంది? డాక్టరమ్మ మమ్మల్నే అడిగింది, "ఆ మూడు నెలలు ఇంకేం మార్చారు?" అని. ఆలోచిస్తే చాలానే మార్చినాము. యంత్రంతో పాటు ఒక అట్ట ఇచ్చారు. పరగడుపున కాఫీ మానాలి, నీళ్ళే తాగాలి. రాత్రి ఏడున్నరకల్లా తినేయాలి. తిన్నాక నడవాలి. రోజుకు మూడు లీటర్ల నీళ్ళు. అంతకుముందు మేము లీటరు కూడా తాగేవాళ్ళం కాము. రైల్వే ఆఫీసులో గుక్క నీళ్ళు తాగకుండా ఆరు కాఫీలు తాగే అలవాటు. లక్షా అరవై వేలు పోసినాము కదా అని ఆ అట్ట మీదున్నదంతా భక్తిగా చేసినాము. మూడు నెలల తరువాత కాఫీ మళ్ళీ మొదలైంది, పుల్లని తేన్పులూ వెంటనే వచ్చాయి. యంత్రం అప్పుడు కూడా నడుస్తూనే ఉంది.

శాస్త్రజ్ఞులు ఏమన్నారో కూడా వెదికినాము. ఇంగ్లీషు మాకు అంతంత మాత్రం, మనవరాలు చదివి చెప్పింది. 2012లో అమెరికాలో ఒక పరిశోధన జరిగింది. 8.8 పిహెచ్ నీళ్ళు కడుపులో ఊరే పెప్సిన్ అనే పదార్థాన్ని చెడగొట్టాయన్నారు. గొంతుదాకా ఎగదన్నే పులుపుకు ఇది పనికిరావచ్చని ఆశ. కానీ అది సీసాలో చేసిన పరీక్ష, మనిషి కడుపులో చేసింది కాదు. 2016లో కెనడావాళ్ళు అప్పటిదాకా వచ్చిన పరిశోధనలన్నీ ఏరి చూసి, క్షారం నీళ్ళు కాన్సరును ఆపుతాయనడానికిగానీ తగ్గిస్తాయనడానికిగానీ ఆధారం లేదని వ్రాశారు. జపాను దేశంలో ఈ యంత్రాలను కడుపు బాధలకు ఇంట్లో వాడుకునే పరికరంగా ప్రభుత్వం ఒప్పుకుంది. ఇక్కడ అమ్మేవాళ్ళు "జపాను ప్రభుత్వమే ఒప్పుకుంది" అంటారు, కడుపు బాధలకు మాత్రమే అనే ముక్క మింగేస్తారు. షుగరుకనీ కాన్సరుకనీ అక్కడ కూడా ఒప్పుకోలేదు.

ఆ నోబెల్ డాక్టరు పేరు ఒట్టో వార్‌బర్గ్, జర్మనీ ఆయన. 1931లో బహుమతి వచ్చింది నిజం. అది వచ్చింది కణాలు ఊపిరి పీల్చే పద్ధతి కనిపెట్టినందుకు. కాన్సరు కణాలు చక్కెరను ఎట్లా వాడుకుంటాయో కూడా ఆయన చూశాడు. నీళ్ళు తాగి కాన్సరు తగ్గించుకొమ్మని చెప్పినందుకు బహుమతి రాలేదు. ఈ పిహెచ్ వైద్యానికి పుస్తకాలు వ్రాసి ప్రచారం చేసిన రాబర్ట్ యంగ్ అనే అమెరికా ఆయన లైసెన్సు లేకుండా వైద్యం చేశాడని 2016లో కోర్టు నేరం తేల్చింది, మరుసటి ఏడు జైలు శిక్ష వేసింది. మన పిల్లవాడికి ఈ సంగతి ఎవరూ చెప్పి ఉండరు.

క్షారం నీళ్ళు మా ఇంటికి కొత్త కూడా కాదని తరువాత జ్ఞాపకం వచ్చింది. 1981లో విళుప్పురంలో ఉద్యోగంలో చేరినప్పుడు మీటర్ గేజి ఆవిరి ఇంజన్లు ఇంకా నడుస్తున్నాయి. స్టోర్సులో మొదటి ఏడాది వ్రాసిన లెడ్జర్లో సోడా యాష్ మూటల లెక్క ఒకటి. ఇదెందుకని అడిగితే పెద్ద గుమాస్తా చెప్పాడు: ఉప్పునీళ్ళు అట్లాగే పోస్తే బాయిలరు లోపల రాయి కడుతుంది, యాసిడ్ తగిలితే ఇనుము తుప్పు పడుతుంది. అందుకని నీళ్ళను క్షారం చేసి పోస్తారు. ఇంజను బాయిలరుకు అది మంచి వైద్యమే. బాయిలరుకు ఊపిరితిత్తులు లేవు, మూత్రపిండాలు లేవు.

నీళ్ళ గురించి మద్రాసువాళ్ళకు ఇంకొకరు పాఠం చెప్పనక్కరలేదు. ప్లాస్టిక్ కొడాలు వరసగా పెట్టి లారీ కోసం తెల్లవారుజామున కాచుకున్న ఆడవాళ్ళే ఈ సంఘంలో సగం మంది. కృష్ణా నీళ్ళు తెస్తామని ఎన్టీఆర్, ఎంజీఆర్ కలిసి 1983లో పని మొదలుపెట్టించిన రోజు మన పెద్దలు మిఠాయిలు పంచారు. ఆ నీళ్ళు పూండి చేరడానికి 1996 అయింది. మొదటిసారి కొళాయిలో వచ్చినప్పుడు "మన ఊరి నీళ్ళు" అని ఒక ముసలవ్వ చేతిలో పట్టుకుని కళ్ళకద్దుకున్నది మేము చూసినాము. మేము రిటైరయిన ఏడే, 2019 జూలై 12న, జోలార్‌పేటనుంచి నీళ్ళ రైలు మా విల్లివాక్కం వచ్చింది. 50 వ్యాగన్లు, ఒక్కోదానిలో 50 వేల లీటర్లు, మొత్తం 25 లక్షల లీటర్ల కావేరి నీళ్ళు. రిటైరయిన గుమాస్తాకు అది కల్యాణం చూసినట్టు. ఆరోజు అక్కడ నిలబడ్డ వేలమందిలో పిహెచ్ ఎంతని ఒక్కరూ అడగలేదు.

అడగవలసిన ప్రశ్నలు వేరే ఉన్నాయి. మన దేశంలో తాగేనీళ్ళకు ఐ.ఎస్. 10500 అని ఒక ప్రమాణం ఉంది. పిహెచ్ 6.5 నుంచి 8.5 దాకా ఉండొచ్చంటుంది. యంత్రంవాళ్ళు గొప్పగా చెప్పే 9.5 ఆ గీతకు పైన ఉంది. కరిగిన ఉప్పులు లీటరుకు 500 మిల్లీగ్రాముల లోపల ఉంటే మంచిదనీ, వేరే దారి లేకపోతే 2000 దాకా ఓర్చుకోవచ్చనీ అదే ప్రమాణం. మురికి కాలువ నీళ్ళు పైపులో కలుస్తున్నాయా, ఇంటి పైతొట్టి కడిగి ఎన్నాళ్ళైంది, బోరులో ఫ్లోరైడు ఉందా? వీటికి ఆ యంత్రం జవాబు కాదు. మూత్రపిండాల జబ్బు ఉన్నవాళ్ళు, ఎక్కువైన క్షారాన్ని బయటికి నెట్టలేనివాళ్ళు, డాక్టరును అడగకుండా ఈ నీళ్ళ జోలికి పోకూడదని డాక్టరమ్మ గట్టిగా చెప్పింది. మన సంఘంలో డయాలిసిస్‌కు పోతున్నవాళ్ళు ఇద్దరున్నారు. వాళ్ళ ఇండ్లకు కూడా ఆ నాలుగు గ్లాసులు పోయి వచ్చాయని విన్నాము.

ఆ పిల్లవాడి మాట కూడా చెప్పకపోతే అన్యాయం. వాడు మోసగాడు కాడు. వాడూ అప్పు చేసి మొదట ఒక యంత్రం కొన్నాడు, కొంటేనే అమ్మే హక్కు. కింద ఇంతమందిని చేరిస్తేనే డబ్బు వచ్చే ఏర్పాటు. 2021లో వచ్చిన నేరుగా అమ్మకాల నిబంధనలలో గొలుసుకట్టు పథకాలు కూడదని ఉంది. షుగరు, కాన్సరు నయం చేస్తామని ప్రకటనలు చేయకూడదని 1954 నాటి చట్టమే ఉంది. వాడి నాయనకు ఇవన్నీ నెమ్మదిగా చెప్పినాము. ఆయన రెండు నెలలు మాతో మాట్లాడలేదు. తరువాత ఒకరోజు కాఫీకి వచ్చి, "వాడికి ఎక్కడైనా నెలజీతం ఉద్యోగం చూపించగలరా?" అని అడిగాడు. ఇది చదివే సభ్యులలో అంగడిగానీ ఫ్యాక్టరీగానీ నడిపేవాళ్ళుంటే మాకు ఫోను చేయండి. మాటకారి, డిప్లొమా ఉంది, బండి నడుపుతాడు.

2022 పొంగల్ పోస్టును మేము తీసేయలేదు. అది అట్లాగే ఉండనిచ్చి, దాని కింద ఈ వ్రాత తగిలిస్తున్నాము. మా మాట విని కొన్న ఇద్దరు సభ్యులకు విడిగా పోయి చెప్పినాము. ఒకరు నవ్వి ఊరుకున్నారు. ఇంకొకరు, "మాకు బాగానే ఉంది, మీరు చెప్పినా ఆపము" అన్నారు. సరే అన్నాము. మామూలు మనిషి తాగితే పెద్ద చెడుపు లేదు, డబ్బు ఎట్లాగూ పోయింది. మాత్రలు మాత్రం ఆపొద్దని చేయి పట్టుకుని చెప్పి వచ్చినాము.

అన్న కంతులలో ఆఖరి నాలుగు మేము కట్టినాము. ఆయన వద్దన్నాడు, చెల్లెలు వినలేదు. ఇప్పుడు ఎం.సి.ఆర్. చెప్పులు వేసుకుని మెల్లగా నడుస్తాడు. మాత్రలూ ఇన్సులినూ తప్పించడు. పోయిన వారం మా ఇంటికి వచ్చినప్పుడు దాహమన్నాడు. వంటింట్లో గోడకున్న యంత్రాన్ని చూసి, "బావా, ఇంకా ఉందా ఇది?" అన్నాడు. పైన మనవడి బడి సంచి వేలాడుతోంది.

కమిటీ కూటం వచ్చే ఆదివారం సాయంకాలం నాలుగు గంటలకు. స్టాలు విషయం ఆరోజే తేలుస్తారు. ఈసారి మేము లేచి మాట్లాడుతాము. కొళత్తూరు సీసా, ఆప్పసోడా, ఒక కట్ట స్ట్రాలు తెస్తున్నాము. మీ మీ ఇంటి నీళ్ళు ఒక సీసాలో పట్టుకుని రండి. మూత మీద పేరు వ్రాయండి, లేకపోతే కలిసిపోతాయి.